పాల్మాకుల ఇంట్లో రైఫిల్

పాల్మాకుల,
ఏప్రిల్ 2008

షుజాత్,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు సగం మాటలు విమానం మింగేసింది. ఇక మనకు ఉత్తరాలే గతి. ఎయిర్‌పోర్టు తెరిచి నెల దాటింది. విమానాలు మా డాబా మీదే దిగుతున్నట్టు ఉంటుంది. సుమలత పొయ్యి మీద పాలు వదిలేసి చూడటానికి పరుగెత్తడం మొదటి వారంలోనే మానేసింది. రేఖ మాత్రం బడి నుంచి రాగానే ఇంకా మెట్లెక్కి పోతుంది. తోక మీది రంగు చూసి ఏ కంపెనీదో చెబుతుంది.

మన జొన్న చేను ఇప్పుడు వాళ్ల గోడ లోపల ఉంది. రోడ్డు మీద బండి ఆపి నిలబడితే మంచె ఎక్కడుండేదో వేలితో చూపించగలను. కానీ చూపించినా అర్థమయ్యేది నీ ఒక్కడికే. ఆ మంచె మీద మనం వడిసెలతో చిలకలను కొట్టిన దానికంటే, తెంపుకున్న కంకులు కాల్చుకు తిన్నదే ఎక్కువ. పొద్దుగూకే వేళకు బాపు వచ్చేవాడు, భుజాన ఒంటి గొట్టం తుపాకీ. పందుల జాడ కనబడితే ఆకాశంలోకి ఒక్కటి పేల్చేవాడు. ఇంటి దగ్గర చిన్నమ్మ ఆ చప్పుడు విని, "బావ వస్తుండు, నీళ్లు కాగవెట్టుండ్రి" అనేది. బాపు పోయాక ఆ తుపాకీని స్టేషన్‌లో ఇచ్చేశాం. లైసెన్సు నా పేరుకు మార్చుకోలేదు. అప్పుడు అక్కర అనిపించలేదు.

ఇప్పుడు అనిపిస్తోంది. అందుకే నీకు రాస్తున్నాను. ఆబిడ్స్‌లో తుపాకుల దుకాణానికి పోయాను. అక్కడ ఒక పుస్తకంలో బొమ్మ చూశాను. నల్లగా, అచ్చం మీ మిలిటరీ వాళ్ల చేతిలో ఉండేదే. కానీ ఆటల కోసం చేసిందట, చిన్న గుండు. ప్రతిసారీ గుంజే పని లేదు, ట్రిగ్గర్ నొక్కిన కొద్దీ ఒక్కొక్కటీ పోతుంది. దుకాణం ఆయన, "అది అందరికీ ఇయ్యరు సార్, రైఫిల్ క్లబ్బుల చేరాలె, పోటీలల్ల నిలవాలె, అనుమతులు తెచ్చుకోవాలె" అన్నాడు. నేను సరే అన్నాను.

ఎందుకని అడుగుతావు. మిగిలిన పొలం రోడ్డు పక్కనే ఉంది కదా, అమ్మమని జీపుల్లో ఎవరెవరో వచ్చి వాకిట్లో నిలబడుతున్నారు. వాళ్ల వెనక తుపాకీ పట్టుకున్న మనుషులుంటున్నారు. ఎయిర్‌పోర్టు వాళ్లు పొదలన్నీ కొట్టేస్తే పందులన్నీ మా కూరగాయల మీద పడ్డాయి. ఇవి రెండూ చెప్పుకోవడానికి. అసలు సంగతి, ఆ బొమ్మ చూసినప్పటి నుంచి నిద్రలో కూడా అదే. రోజూ పట్టుకునేవాడివి నువ్వు. మంచీ చెడూ చెప్పు.

నీ
గోవర్ధన్

*

రాజౌరీ దగ్గర,
జూన్ 2008

గోవర్ధన్,

నీ ఉత్తరం మా పోస్టుకు గాడిద మీద వచ్చింది. నీకు విమానాలు, నాకు గాడిదలు. చప్పుడు తక్కువ, నేనే నయం.

మంచీ చెడూ అడిగావు. ముందు మంచి చెబుతాను, లేకపోతే ఈ హవల్దార్‌కు తన దగ్గరున్నది పక్కవాడి దగ్గర ఉంటే కడుపుమంట అంటావు. అలాంటి రైఫిల్ తేలిక. భుజానికి దెబ్బ తగలదు. నీకు, సుమలతకు, రేపు రేఖకు కూడా సరిపోయేటట్టు, భుజానికి ఆనే వెనక మడమ జరుపుకోవచ్చు. చిన్న గుండు కాబట్టి రోజంతా కాల్చినా అలసట రాదు. గురి నేర్చుకోవాలంటే దానికి మించిన బడి లేదు. ఇదంతా నిజం.

ఇక చెడు. పందులంటున్నావు. ఆ గుండుతో పంది చావదు, గాయపడి నీ మీదికే తిరుగుతుంది. పైగా ఎయిర్‌పోర్టు గోడ పక్కన రైఫిల్ పేలిస్తే నిన్ను పట్టుకోవడానికి పందుల కంటే ముందు పోలీసులు వస్తారు. జీపుల వాళ్లంటున్నావు. వాళ్ల దగ్గరున్నదాన్ని చూసి నువ్వు కొంటే, నీ దగ్గరున్నదాన్ని చూసి వాళ్లు ఇంకోటి కొంటారు. చూడటానికి మిలిటరీ రైఫిల్ లాగా ఉండటం నీకు మోజు. ఎదుటివాడికి అది ఆటవస్తువని ఎవరు చెబుతారు?

ఇంకొకటి. బాపు తుపాకీ గుర్తుందా? ఒకసారి పేల్చాక గొట్టాన్ని విరిచి తెరవాలి, ఖాళీ తూటా తీయాలి, జేబులో వెతికి కొత్తది పెట్టాలి, మూయాలి. అంతలోపు మనిషి చల్లబడతాడు. నువ్వు కొంటానన్నదానిలో ఆ టైము లేదు. రెండోది దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. మాకు అది కావాలి, మా పని అది. నీకెందుకు?

ఇంతా చెప్పాక నువ్వు వినవని నాకు తెలుసు. చిన్నప్పుడు పహాడీ షరీఫ్ ఉర్సులో బెలూన్లు కాల్చే బండి దగ్గర నుంచి నిన్ను లాక్కురావడానికి మా అబ్బా గొంతు పోయింది. నీ పేరు చెబితే ఆ బండివాడు దండం పెట్టేవాడు.

రబియా పహాడీ షరీఫ్‌లోనే ఉంది, పిల్లలూ బాగున్నారు. వీలైతే ఒకసారి పోయి చూడు. మీ చిన్నమ్మ దుర్గవ్వకు నా సలాం చెప్పు. ఆమె చేతి సర్వపిండి తిని ఎన్నేళ్లయిందో.

షుజాత్

*

పాల్మాకుల,
జనవరి 2010

షుజాత్,

వచ్చింది!

రెండు చలికాలాలు తిరిగాను. క్లబ్బులో చేరాను, వాళ్ల రైఫిల్‌తోనే నేర్చుకున్నాను, జిల్లా పోటీలో నిలబడ్డాను. ఎవరూ నవ్వలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగిన సంగతి రాయను, చదవలేవు. చివరికి ఆటలు మానుకున్న ఒక పాత షూటర్ దగ్గర దొరికింది. ఆయన అప్పగిస్తూ పెళ్లికూతుర్ని పంపుతున్నట్టు కళ్లు తుడుచుకున్నాడు.

నువ్వు చెప్పిన చెడులో చాలావరకు ఒప్పుకుంటాను. పందుల మాట మానేశాను, తీగ కంచె వేశాను. కానీ నువ్వు చెప్పని మంచి ఒకటుంది. అది రాయడానికే కూర్చున్నాను. చేను పోయాక నాకు ప్రొద్దున్నే లేవడానికి కారణం లేకుండా పోయింది. డబ్బులొచ్చాయి, డాబా వచ్చింది, పని పోయింది. క్లబ్బులో బోర్లా పడుకుని, చెంప ఆనించి, ఊపిరి సగం వదిలి ఆపినప్పుడు ఉంటుంది చూడు, అప్పుడు నా తలలో విమానం చప్పుడు కూడా ఉండదు. మంచె మీద వెల్లకిలా పడుకున్నప్పుడు ఎలా ఉండేదో అలా ఉంటుంది. ఇంకెక్కడా నాకది దొరకలేదు.

రేఖ కూడా వస్తోంది. దానికి నాకంటే చెయ్యి నిలకడ. కోచ్ అంటున్నాడు, "పటేల్, నువ్వు జర పక్కకు జరుగు, బిడ్డను కాల్చనియ్యి."

సుమలత మాత్రం అది పెట్టిన గదిలోకి పోదు. ఊడ్చేటప్పుడు గడప దగ్గరే చీపురు ఆపేస్తుంది. "ఖాళీగనే ఉన్నది, ఏం జేస్తది నిన్ను?" అంటే, "ఏం జెయ్యదు. గని నన్నే జూస్తున్నట్టుంటది" అంటుంది.

చిన్నమ్మ వచ్చి చూసింది. ఆమె కొడుకు కొండల్ కూడా వచ్చాడు, భుజాన పెట్టుకుని ఫోటో దిగాడు. తమ్ముడే కదా, మురిసిపోయాడు. ఊళ్లో నా గౌరవం కూడా కొంచెం పెరిగింది. నవ్వకు.

గోవర్ధన్

*

రాజౌరీ దగ్గర,
మార్చి 2010

గోవర్ధన్,

నీ ఉత్తరం మూడు సార్లు చదివాను. ఊపిరి సగం వదిలి ఆపడం గురించి నువ్వు రాసింది మా కొత్త కుర్రాళ్లకు చదివి వినిపించాను. ఇక్కడ నన్ను ఉస్తాద్ అంటారు, ఆయుధం నేర్పేవాడిని. ఇన్నేళ్లు చెబుతున్నా నాకు ఆ మాట దొరకలేదు. శభాష్.

వద్దన్నాను, తెచ్చుకున్నావు. ఇక తెచ్చుకున్నాక ఎలా ఉండాలో చెప్పడం నా పని. కోపం తెచ్చుకోకుండా ఒక్కొక్క మాటా విను. రైఫిల్ ఒక పెట్టెలో, తూటాలు ఇంకో గదిలో, రెండింటి తాళాలూ నీ మొలతాడుకు. మేగజీన్, అదే తూటాల డబ్బీ, తీసేస్తే ఖాళీ అయిందనుకోవద్దు. ఇలాంటి రైఫిల్‌తో ప్రమాదం అదే. మేగజీన్ బయటికి వచ్చినా లోపల ఒకటి ఉండిపోతుంది. బోల్టు వెనక్కి లాగి లోపల చూడు. చూసి ఊరుకోకు, వేలు పెట్టి తడుము. నీ చేతిలో నుంచి రేఖ చేతిలోకి పోయినా, రేఖ చేతిలో నుంచి నీ చేతిలోకి వచ్చినా మళ్లీ తడుము. "ఇప్పుడే చూసిన గదా" అన్న మాట ఆ గదిలో వినబడకూడదు. రేఖకు ఇది నేను చెప్పానని చెప్పు. షుజాత్ చాచా కసం పెట్టించాడని చెప్పు.

ఈ చలికాలం ఇక్కడ బాగా గడవలేదు. దాని గురించి మరెప్పుడైనా.

కొండల్ భుజాన పెట్టుకుని ఫోటో దిగాడన్నావు. క్లబ్బు బయట లైసెన్సు ఎవరిదో వాళ్లే పట్టుకోవాలి. ఇంకోసారి ఇవ్వకు. గౌరవం పెరిగిందన్నావు, నవ్వొద్దన్నావు, నవ్వలేదు. కానీ దాన్ని చూసి వచ్చిన గౌరవం నీ దగ్గర ఆగదు, దానితోనే ఉంటుంది.

షుజాత్

*

పాల్మాకుల,
ఆగస్టు 2011

షుజాత్,

చాలా రోజులకు రాస్తున్నాను. అంతా మామూలే. వానలు పర్వాలేదు. రేఖ రాష్ట్ర పోటీలకు పోయి వచ్చింది, పతకం రాలేదు కానీ ముందు వరసలో నిలిచింది.

కొండల్ వాళ్లతో మాటల్లేవు. పొలం హద్దు దగ్గర చిన్న పేచీ. పెద్ద సంగతేం కాదు.

నీకు తెలిసే ఉంటుంది కాబట్టి అడుగుతున్నాను. ఎవరైనా ఒక అర్జీ పెడితే లైసెన్సు తీసేసుకుంటారా? కేసు లేకపోయినా? ఊరికే తెలుసుకుందామని.

ఈ మధ్య సాయంత్రాలు మా అరుగు మీద ఎవరూ కూర్చోవడం లేదు. అందరికీ టీవీలొచ్చాయి కదా.

గోవర్ధన్

*

పాల్మాకుల,
అక్టోబరు 2011

షుజాత్ అన్నకు,

సుమలత రాయునది. నేను మీకు ఎన్నడూ ఉత్తరం రాయలేదు. తప్పులుంటే క్షమించండి. సకల జనుల సమ్మెతో బస్సులు, బడులు అన్నీ బందున్నాయి. ఇది మీకు ఎప్పుడు చేరుతుందో తెలియదు. ఆయన మీకు రాశానన్నాడు. కానీ ఏం రాశాడో ఆయన ముఖం చూస్తే అర్థమైంది. రాయవలసింది రాయలేదు.

రోడ్డు పక్క పొలం ఆయనకూ కొండల్‌కూ కలిసే ఉంది. కొండల్ తన వంతు అమ్ముతానన్నాడు, ఈయన వద్దన్నాడు. అక్కడి దాకా అన్ని ఇళ్లల్లో ఉండేదే. వానలకు ముందు హద్దురాళ్లు పీకేసి ఉన్నాయి. కొండల్ పీకించాడని ఈయన, నాకు తెలియదని అతను. ఒకనాడు పొద్దున కొండల్ కొనేటోళ్లను ఇద్దరిని వెంటబెట్టుకుని మా వాకిట్లోకి వచ్చి గట్టిగా మాట్లాడాడు.

"అన్నవని ఊకుంటున్న. నీ సంతకం లేకున్నా అమ్ముత, ఏం జేస్తవ్?" అన్నాడు.

ఈయన లోపలికి పోయాడు. నీళ్ల కోసం పోయాడనుకున్నాను. తాళం చప్పుడు విన్నాను. ఆయన అది పట్టుకుని వచ్చి అరుగు మీద నిలబడ్డాడు. ఎవరి వైపూ పెట్టలేదు, నేలకే ఉంది. కానీ ఆ నల్లటిది చేతిలో పెట్టుకుని నిలబడితే, నా భర్త ఎవరో నాకే తెలియలేదు. కొనేటోళ్లు వెనక్కి వెనక్కి పోయి జీపెక్కారు. కొండల్ మాత్రం కదల్లేదు. "కాల్చు. కాల్చు మల్ల" అని రొమ్ము చూపించాడు. ఈయన చేతులు పైకి లేస్తున్నాయి. నేను చూశాను.

అప్పుడు దుర్గవ్వ అత్తమ్మ వచ్చింది. చేతులకు పిండి ఉంది. పరుగెత్తలేదు, ఎప్పుడూ వచ్చినట్టే వచ్చి మధ్యలో నిలబడి, ఆ గొట్టం మూతి మీద అరచెయ్యి పెట్టింది. "గింత సల్లగున్నదేంది బిడ్డా ఇది" అన్నది. అంతే. తిట్టలేదు, ఏడవలేదు. కొండల్‌ను రెక్క పట్టుకుని తీసుకుపోయింది.

ఈయన కింద కూర్చున్నాడు. "ఖాళీదే సుమలతా, తూటాలు లెవ్వు, ఖాళీదే" అని అదే మాట చాలాసేపు అన్నాడు. నిజంగా ఖాళీదే. నేను దాన్ని తీసుకుని ఆ గదిలోకి మొదటిసారి పోయి, రేఖ నేర్పినట్టు వెనక్కి లాగి, వేలు పెట్టి చూశాను.

కొండల్ ఠాణాకు పోతానంటే అత్తమ్మ పోనివ్వలేదు. కానీ ఆనాటి నుంచి ఆమె మా గడప తొక్కలేదు. తల్లి పోయిన ఈయనను పెంచి పెద్దచేసిన మనిషి అన్నా. ఎదురుపడితే రేఖను పలకరిస్తుంది, నన్ను పలకరిస్తుంది. ఆయన వంక చూడదు. ఊళ్లో వాళ్లు కూడా అరుగు ఎక్కడం మానేశారు. ఆయన టీవీల వల్ల అంటున్నాడు.

మీ మాట వింటాడు. ఏదైనా రాయండి. నేను రాశానని చెప్పినా సరే.

మీ చెల్లె
సుమలత

*

రాజౌరీ దగ్గర,
నవంబరు 2011

గోవర్ధన్,

సుమలత రాసింది. ఆమె మీద కోపం తెచ్చుకుంటే నాతో నీకు మాటల్లేవు.

నేను నీకు పెట్టే బుద్ధులు ఏమీ లేవు. రెండేళ్ల కింద చెప్పకుండా ఆపిన సంగతి ఒకటి చెబుతాను. ఆ చలికాలం ఇక్కడ జీవన్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. శ్రీకాకుళం వైపు వాడు. నాతో తెలుగు మాట్లాడటానికి పనులు కల్పించుకుని వచ్చేవాడు. నేను "గట్లనా, గిట్లనా" అంటే పడీపడీ నవ్వేవాడు. "ఉస్తాద్, మీ తెలుగు కూడా ఉర్దూ యూనిఫాం వేసుకుంది" అనేవాడు. ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి, ఎండలో కూర్చుని అందరూ రైఫిళ్లు తుడుచుకుంటున్నారు. పక్కవాడి రైఫిల్‌లో ఒకటి ఉండిపోయింది. మేగజీన్ తీశాడు, ఖాళీ అనుకున్నాడు. నేను టీ గ్లాసు పట్టుకుని అటే వస్తున్నాను. జీవన్ నాతో ఏదో చెప్పబోతూ తలెత్తాడు, అప్పుడే అది పేలింది. ఏం చెప్పబోయాడో నాకు ఇప్పటికీ తెలియదు.

పక్కవాడికి జీవన్ మీద కోపం లేదు. ఒకే పళ్లెంలో తినేవాళ్లు. వాళ్లు సైనికులు, రోజూ అదే పని, పొద్దున్నే అదే పాఠం చెప్పించుకున్నవాళ్లు. అయినా అయింది.

నీది ఖాళీదే అన్నావట. నమ్ముతాను. కానీ నీకు కోపం ఉంది, తమ్ముడి మీద కోపం. మా వాళ్లకు అది కూడా లేదు.

అమ్మెయ్యమని రాయను. క్లబ్బులో నీకు దొరికింది ఏమిటో నువ్వు రాశావు, అది అబద్ధం కాదు. దాన్ని పోగొట్టుకొమ్మని చెప్పే హక్కు నాకు లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆట వస్తువును ఆట జాగాలోనే పెట్టు. ఇంట్లో ఉంటే, కోపం వచ్చిన రోజున కూడా అది ఇంట్లోనే ఉంటుంది.

చిన్నమ్మ దగ్గరికి పో. నేను పొమ్మన్నానని కాదు. నీ అంతట నువ్వే పో.

షుజాత్

*

పాల్మాకుల,
మే 2012

షుజాత్,

జవాబు రాయడానికి ఇన్ని నెలలు పట్టింది. జీవన్ గురించి చదివాక పెన్ను పట్టుకోలేకపోయాను. నువ్వు అంత మోస్తూ, నాకు వేలు పెట్టి తడమమని నెమ్మదిగా పాఠం చెప్పావు.

ముందుగా జరిగింది చెబుతాను. సర్వేయర్‌ను పిలిపించి హద్దు కొలిపించాం. రాళ్లు పీకింది కొనేటోళ్లే, కొండల్ కాదు. అది తెలిశాక నాకు ఇంకా కష్టమైంది. కొండల్ వంతు కొండల్‌కు రాసిచ్చేశాను, అమ్ముకున్నాడు. ఆ జాగాలో ఇప్పుడు కారు పార్కింగ్ వచ్చింది.

రైఫిల్‌ను క్లబ్బులోనే ఒక కుర్రాడికి, పోటీలకు పోయేవాడికి, కాగితాలన్నీ సరిగ్గా చేసి ఇచ్చేశాను. రేఖ ఒకరోజు అన్నం తినలేదు. తర్వాత క్లబ్బు రైఫిల్ పట్టుకుంది. అది బరువు, పాతది. దానితోనే మొదటి పతకం తెచ్చింది. ఫోటో పంపుతున్నాను. సుమలత ఆ గదిలో కుట్టు మిషన్ పెట్టుకుంది.

ఇచ్చేసిన సాయంత్రం చిన్నమ్మ దగ్గరికి పోయాను. ఆమె చాట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. అరుగు కింద నిలబడి, "చిన్నమ్మా, తుపాకి ఇచ్చేసిన" అన్నాను. చాట ఆపలేదు.

"ఉంటే ఏంది, లేకుంటే ఏంది బిడ్డా" అన్నది. "ఇనుపది, దానికేం ఎరుక. నువ్వు లోపటికి పోయి తెచ్చినవ్ గదా. వాకిట్ల నుంచి గా అర్ర దాంక నడిసినవ్. తాళం తీసినవ్. గంతసేపు గూడ నీకు వాడు తమ్ముడని యాదికి రాలే."

బాపు తుపాకీలో మనిషి చల్లబడే టైము ఉందని నువ్వు రాశావు. నాకూ ఆ టైము ఉండింది షుజాత్. దాన్ని తాళం తీయడానికి వాడుకున్నాను.

కూర్చోమనలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను. మళ్లీ మళ్లీ పోతున్నాను. చెట్టు మామిడికాయలు ఇచ్చి వస్తాను. తీసుకుంటుంది, మాట్లాడదు.

నీకు ఒక్కడికే చెబుతున్నాను. రైఫిల్ లేని పొద్దుటి పూట ఎట్లా ఉంటుందంటే, పన్ను పీకిన చోటికి నాలుక పోయినట్టు చేతులు అటే పోతాయి. మంచి పనే చేశాను. అయినా లోటు లోటే.

గోవర్ధన్

*

జబల్‌పూర్,
మే 2014

గోవర్ధన్,

నా నౌకరీ అయిపోయింది. ఇరవై నాలుగేళ్లు. నిన్న ఇక్కడి మా సెంటర్ ఆయుధాల గదిలో నా రైఫిల్‌ను అప్పగించాను. లోపల కూర్చున్నవాడు నంబరు చూసి, వెనక్కి లాగి, వేలు పెట్టి తడిమి, వరసలో నిలబెట్టి, "హో గయా ఉస్తాద్" అన్నాడు. ఆ వేలు పెట్టి తడమడం నేను నేర్పిందే. బయటికి వచ్చి ఎండలో నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జేబుల్లో పెట్టుకున్నాను, తీశాను, వెనక్కి కట్టుకున్నాను. ఒక కుర్రాడు సెల్యూట్ కొడితే తిరిగి కొట్టడం ఒక క్షణం ఆలస్యమైంది.

నీకు వద్దు వద్దని రాసినవాడిని నేను. పన్ను పీకినట్టు అని నువ్వు రాసినప్పుడు మనసులో నవ్వుకున్నాను కూడా, రెండు మూడేళ్ల మోజుకే ఇంత బాధా అని. మాఫ్ చెయ్యి.

ఒక సంగతి అడగాలి. కాటేదాన్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. నగదు తీసుకుపోయే బండికి గన్‌మన్ కావాలట. ఫౌజీలంటే వాళ్లకు ఇష్టం. కానీ సొంత తుపాకీ, సొంత లైసెన్సు ఉండాలి. ఉంటే జీతం బాగా ఇస్తారు, లేకుంటే గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడే పని. రబియా అంటోంది, "కర్రనే పట్టుకోండ్రి. ఇంట్ల మాత్రం పెట్టనియ్య." నాకు మాత్రం ఆ మాట వినగానే చేతులు తేలికపడ్డాయి. ఇన్నేళ్లు నీకు చెప్పినవన్నీ గుర్తున్నాయి. అయినా తేలికపడ్డాయి.

ఈసారి మంచీ చెడూ నువ్వు చెప్పు.

షుజాత్

*

పాల్మాకుల,
జూన్ 2014

షుజాత్,

నీ ఉత్తరం చేరిన వారానికే తెలంగాణ వచ్చింది. ఊరంతా పటాకులు, డప్పులు. ఆ చప్పుట్లో మొదటిసారి విమానాలు వినబడలేదు. నువ్వు ఉంటే బాగుండునని అందరం అనుకున్నాం.

నువ్వు అడిగినదానికి జవాబు రాద్దామని రెండు సార్లు కూర్చున్నాను. కర్ర పట్టుకొమ్మని రాసేంత మొగోణ్ని కాదు, తుపాకీ కొనమని రాసేంత తెలివి తక్కువవాణ్నీ కాదు. ఒక దారి చూశాను. క్లబ్బులో కోచ్‌కు వయసైపోయింది, నేర్పడానికి మనిషి కావాలట. రేఖ నీ గురించి ఎప్పుడూ చెబుతుంటుంది, వేలు పెట్టి తడమమనే చాచా అని. వాళ్లు అడిగారు, "ఆ ఉస్తాద్ ఎప్పుడొస్తడు?" అని. జీతం గొప్పగా ఉండదు. కానీ పొద్దున పోతే చేతిలో రైఫిల్ ఉంటుంది, సాయంత్రం అక్కడే పెట్టి ఇంటికి రావచ్చు. రబియాను నేనే పోయి అడిగాను. "ఆడనే పెట్టి వస్తడు గదా?" అన్నది. అవునన్నాను. సరే అన్నది. ఇక నీ ఇష్టం.

ఇంకో సంగతి. మొన్న పొద్దున్నే మా వాకిట్లో, "ఎవలున్నరు ఇంట్ల?" అని వినబడింది. చిన్నమ్మ. చీరె మంచిది కట్టుకుంది, చేతిలో సంచి.

"కండ్లల్ల పొర వచ్చిందట. ఆపరేషన్ జెయ్యాలె అంటున్నరు దవాఖానల. కొండల్‌కు పురసత్ లేదు. నువ్వు తోల్కపోతవా?" అన్నది.

తల ఊపాను. పొర అడ్డమై అది ఆమెకు కనబడలేదేమో, "ఏందిరా, పోతవా పోవా?" అని గట్టిగా అరిచింది. "పోదాం చిన్నమ్మా" అన్నాను.

కొండల్‌కు పురసత్ ఉందని మాకందరికీ తెలుసు. వెళ్లేటప్పుడు వాడు తన దుకాణం ముందు ఖాళీగా నిలబడి మమ్మల్ని చూశాడు. చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను.

ఆపరేషన్ అయ్యాక కారులో తీసుకొస్తున్నాను. కంటి మీద కట్టు. ఎయిర్‌పోర్టు రోడ్డు ఎక్కగానే తలమీదుగా ఒక పెద్ద విమానం దిగింది. ఆమె ఉలిక్కిపడి నా భుజం పట్టుకుంది. అది పోయాక కూడా చెయ్యి తీయలేదు. పాల్మాకుల వచ్చేదాకా అలాగే పట్టుకుని, దారి పొడుగునా దవాఖాన నర్సులను తిడుతూనే ఉంది. కొండల్ వాళ్ల ఇంటి ముందు కారు ఆపితే దిగలేదు.

"ఈడ కాదు. మీ ఇంటికి నడువు. కండ్లు నయమయ్యేదాంక సుమలతే వండి పెట్టాలె నాకు. కోడలు చేతిది ఉప్పు లేదు, కారం లేదు" అన్నది.

వచ్చి రెండు రోజులైంది. కుట్టు మిషన్ గదిలో మంచం వేశాం. ఇప్పుడు అక్కడ నుంచే సుమలతను ఏదో కేకేస్తోంది. ఉత్తరం ఎవరికి రాస్తున్నావని అడిగితే నీ పేరు చెప్పాను. "వాడు ఇంక ఆడనే ఉన్నడా? నౌకరీ అయిపోయె గదా, జల్ది రమ్మను. సర్వపిండికి పిండి పిసుకుడు సుమలతకు సరిగ రాదు, కండ్లు వచ్చినంక నేనే జేస్త" అన్నది.

జల్ది రా.

గోవర్ధన్